నాలుగో బల్ల మీద నూగు

ఆ రోజు నాలుగో బల్ల మీద అరచెయ్యి ఆనించినప్పుడు మేస్త్రీకి నూగు నిజంగా తెలిసిందా, లేక తెలియకపోతే ఎలాగన్న భయం కొద్దీ తెలిసిందనుకున్నాడా? ఇన్నేళ్ళ తరవాత కూడా ఇదీ అని చెప్పడం కష్టమే. ఆయన్నే అడిగితే ఒకసారి తెలిసిందంటాడు, ఇంకోసారి మాట మార్చి కిటికీ వేసొస్తానని లేచిపోతాడు.

స్నూకర్ బల్లలకు పచ్చగుడ్డ పరచడం ఆయన పని. అప్పటికి ముప్పయ్యారేళ్ళుగా ఆ పని తప్ప ఇంకోటి చెయ్యలేదు. చూసేవాళ్ళకు బల్ల అంటే పచ్చదనం, రంగురంగుల బంతులు, ఆరు బెజ్జాలు. మేస్త్రీకి మాత్రం అది అయిదు రాతి పలకలు, వాటి మీద సాగదీసి బిగించిన ఉన్నిగుడ్డ. ఆ గుడ్డకు పిల్లి వీపు మీద బొచ్చులాగా సన్నటి నూగు ఉంటుంది. వాలున నిమిరితే నున్నగా జారుతుంది, ఎదురు నిమిరితే చేతికి అడ్డం పడుతుంది. ఆట మొదలుపెట్టే కొసనుంచి నల్లబంతి ఉండే కొసవైపుకు ఆ నూగు వాలి ఉండాలి. నెమ్మదిగా దొర్లే బంతి నూగు వాలిన వైపుకు వెంట్రుకవాసి ఒరుగుతుంది. చెయ్యి తిరిగిన ఆటగాళ్ళు ఆ వెంట్రుకవాసిని కూడా లెక్కలో వేసుకునే కొడతారు. గుడ్డను కొసలు మార్చి పరిచారంటే వాళ్ళ లెక్క మొత్తం తలకిందులవుతుంది.

మిగతా మేస్త్రీలు చుట్ట విప్పగానే గుడ్డ అడుగున సుద్దముక్కతో బాణం గీసుకుంటారు. ఈయన గీసేవాడు కాదు. "పెళ్ళాన్ని గుర్తుపట్టడానికి ఆవిడ నుదుటి మీద పేరు రాసుకుంటామా?" అని నవ్వేవాడు. అరచెయ్యి ఒక్కసారి అటూ ఇటూ ఆడిస్తే చాలు, చుట్టలో ఉన్న గుడ్డయినా ఆయనకు దారి చెప్పేది.

అంతకు ముందటి చలికాలం నుంచి ఆ చెయ్యి మాట తప్పుతూ వచ్చింది. చక్కెర జబ్బు తెచ్చిన తిమ్మిరి పాదాల్లో మొదలై, చేతివేళ్ళ కొసలకు ఎక్కింది. ఒకరోజు పొద్దున పొయ్యి మీద మరుగుతున్న గిన్నెను ఒట్టి చేత్తో దించి, ఏమీ ఎరగనట్టు గదిలోకి మోసుకొచ్చాడు. ఇంటావిడ చూసి గిన్నె లాక్కుంది. అరచేతిలో ఎర్రగా బొబ్బ లేచి ఉంది.

"లోకంలో అందరూ చేతులు కాలాక ఆకులు పట్టుకుంటారు," అంది ఆవిడ, చెయ్యి నీళ్ళకింద పెడుతూ. "మీకు కాలినట్టే తెలియలేదు, ఇంక ఆకులెక్కణ్ణించి వస్తాయి?"

"పనిచేసిన చెయ్యి, కాయకట్టింది. వేడెక్కదు."

"కాయ చేతికే కట్టిందా, బుర్రకు కూడానా? వెళ్ళి పోటీలవాళ్ళతో చెప్పండి."

"ఏమని చెప్పను? గుడ్డ తెలియని గుడ్డల మేస్త్రీనని చెప్పుకోనా? ఈ పోటీలు కానీ. తరవాత చెబుతాను," అన్నాడు.

"మీ 'తరవాత'లన్నీ కలిపి నేస్తే ఎనిమిది బల్లలకు గుడ్డ సరిపోతుంది," అని ఆవిడ బొబ్బకు మందు రాసింది. ఆ మాటకు ఇద్దరూ నవ్వారు.

పోటీలకు అరవైనాలుగు మంది వచ్చారు. ఒకాయన రెండుసార్లు గెలిచిన ఛాంపియను. తన తువ్వాలు, తన సుద్దబిళ్ళ, తన మంచినీళ్ళు తనే తెచ్చుకుని ఎవరి కళ్ళలోకీ చూడకుండా నడిచేవాడు. ఒకమ్మాయి ఇంకా బడి సంచితోనే తిరుగుతోంది. వాళ్ళ నాన్న ప్రేక్షకుల్లో కూర్చుని పుస్తకం తెరిచి, పేజీ తిప్పకుండా మూడు గంటలు గడిపేవాడు. పన్నుల ఆఫీసు గుమాస్తా ఒకడు నాలుగు రోజులు సెలవు పెట్టి వచ్చాడు. మొదటి రోజే ఓడిపోతే మిగతా మూడు రోజులూ ఏం చెయ్యాలా అని అతని దిగులు. భాష రాని దేశం నుంచి వచ్చిన ఒకాయన అన్నిటికీ తల ఊపి, అందరికంటే బాగా ఆడుతున్నాడు. పళ్ళ డాక్టరమ్మ ఒకావిడ ఎంపిక పోటీల్లో అయిదుగురిని ఓడించి పైకి వచ్చింది. ఆవిడ బంతిని కొడితే గోడ అవతలకు వినబడేది.

వీళ్ళందరిలోనూ మేస్త్రీకి కావలసినవాడు ఒకడున్నాడు. నలభై ఎనిమిదేళ్ళవాడు, ఇరవయ్యేళ్ళుగా ఇదే బతుకుతెరువు. ఎడమచేత్తో ఆడతాడు గనక అందరూ ఎడంచెయ్యి అనే పిలుస్తారు. గట్టిగా కొట్టడం అతనికి రాదు. బంతిని నిద్రపోతున్న పసిబిడ్డను జరిపినట్టు జరుపుతాడు. ఈసారి మొదటి ఆట గెలిస్తేనే వృత్తి ఆటగాళ్ళ జాబితాలో ఇంకో రెండేళ్ళు పేరుంటుంది. ఓడితే పేరు కొట్టేస్తారు. అతని ఆట డాక్టరమ్మతో పడింది. బల్ల నాలుగోది.

ఎనిమిది బల్లలకూ రెండు రోజుల్లో గుడ్డ పరవాలన్నారు. నాలుగోది మూలన, అన్నిటికన్నా ఆఖరున మిగిలింది. దాని మీదకు ఇంకా దీపాలు దింపలేదు. పక్కనే వడ్రంగులు ప్రేక్షకుల మెట్లకు మేకులు దిగ్గొడుతున్నారు. ఆ చప్పుడులో, ఆ మసక వెలుతురులో మేస్త్రీ చుట్ట విప్పి, అరచెయ్యి అటూ ఇటూ ఆడించి, ఇదే వాలు అనుకున్నాడు. బిగించాడు. ఇస్త్రీ చేశాడు. ఆట రోజు పొద్దున బ్రష్ కొట్టేటప్పుడు మైకువాళ్ళు 'ఒకటి రెండు, ఒకటి రెండు' అని చెవులు హోరెత్తిస్తున్నారు. ముందురోజు రాత్రి పడుకున్నప్పుడు గాని, ఆ పొద్దున లేచినప్పుడు గాని ఆయనకు ఏ అనుమానమూ రాలేదు. నిజం చెప్పాలంటే, రానివ్వలేదు.

మొదటి ఫ్రేము, అంటే ఆటలో మొదటి విడత, మధ్యలో వచ్చింది అనుమానం.

ఎడంచెయ్యి మధ్య బెజ్జంలోకి ఎర్రబంతిని తోశాడు. అలాంటివి అతను నిద్రలో కూడా వేస్తాడు. బంతి వెళ్ళి వెళ్ళి, అంచుకు తగిలి ఆగిపోయింది. మేస్త్రీ తెర సందులోంచి చూస్తున్నాడు. ఒక్కోసారి జరుగుతుందిలే అనుకున్నాడు. రెండో ఫ్రేములో నీలం బంతి, అదే బెజ్జం, అదే అంచు. మూడో ఫ్రేములో మళ్ళీ. మేస్త్రీ కాలుగాలిన పిల్లిలా తెర వెనక అటూ ఇటూ తిరిగాడు. డాక్టరమ్మకు మాత్రం ఏ ఇబ్బందీ లేదు. ఆవిడ కొట్టే కొట్టుడుకు బంతికి ఒరగడానికి తీరికే ఉండదు. నాలుగు ఫ్రేములయ్యేసరికి ఆవిడ మూడు, అతను ఒకటి. ముందుగా అయిదు ఫ్రేములు గెలిచినవాళ్ళదే ఆట. పదిహేను నిమిషాల విరామం ఇచ్చారు.

విరామంలో బల్ల తుడిచేది మేస్త్రీయే. బ్రష్ పట్టుకుని ఆట మొదలయ్యే కొస దగ్గర నిలబడ్డాడు. ప్రేక్షకులు బయటకు పోయారు. మేకులు లేవు, మైకు లేదు. బ్రష్ ఒక్క బార ముందుకు తోశాడు.

గర్రుమంది.

వాలున పోయే బ్రష్ చప్పుడు ఊపిరిలాగా ఉంటుంది. ఈ చప్పుడు ఆయన ముప్పయ్యారేళ్ళలో ఎదురు కొట్టినప్పుడు తప్ప వినలేదు. తెల్లబంతి తీసుకుని మధ్య బెజ్జం వైపుకు చేత్తో మెల్లగా దొర్లించాడు. నల్లబంతి వైపుకు ఒరగవలసిన బంతి ఇటువైపుకు ఒరిగింది. ఇంకోసారి దొర్లించాడు. మళ్ళీ ఇటే. అరచెయ్యి గుడ్డ మీద పెట్టి అటూ ఇటూ నిమిరాడు. చేతికి రెండువైపులా ఒకటే నునుపు.

బ్రష్ పట్టుకునే నడవాలోకి వచ్చాడు. కుళాయి దగ్గర ఎడంచెయ్యి మొహం కడుక్కుంటున్నాడు.

"చూశావా అన్నా," అన్నాడు అద్దంలోంచే.

"చూశాను తమ్ముడూ."

"చెయ్యి పోయింది. నెమ్మది బంతి నా చేతిలో పాడవుతుందని కలలో కూడా అనుకోలేదు. మా ఆవిడతో పొద్దునే చెప్పాను, మా బావమరిది రంగుల కొట్టులో కూర్చోమంటున్నాడని. ఇవాళ గెలిచినా సరే, ఇంక కూర్చుంటాను. తెలిసిపోయాక ఆడకూడదు కదా."

"ఒక్క రోజు చూసి..."

"ఒక్క రోజు కాదన్నా. ఒకే బెజ్జం, మూడుసార్లు. చెయ్యి అబద్ధం చెప్పదు."

దొంగకు తేలు కుట్టినట్టయింది మేస్త్రీకి. మొహం తుడుచుకొమ్మని తువ్వాలు అందించి, గబగబా మేనేజరు గదికి నడిచాడు.

పోటీల మేనేజరు వయసులో చిన్నవాడే గాని, మర్యాద తెలిసినవాడు. విన్నాడు. లేచి తలుపు వేశాడు.

"ఆటగాళ్ళలో ఎవరైనా అడిగారా?"

"లేదు."

"రెఫరీ?"

"ఆవిడకూ తెలియదు."

"మరైతే మేస్త్రీగారూ, మీకూ తెలియదు. ఇద్దరికీ ఒకటే బల్ల. ఒకరికి తిరగబడి ఇంకొకరికి సరిగ్గా లేదు కదా? సాయంత్రం ఆటలయ్యాక మార్చేద్దాం."

"ఆ పిల్లవాడు చెయ్యి పోయిందనుకుంటున్నాడండీ."

"నలభై ఎనిమిదేళ్ళ పిల్లవాడా?" మేనేజరు నవ్వబోయి ఆగాడు. "చూడండి. ఈ మాట బయటకొస్తే ముందు పోయేది మీ పేరు. మూడు పదుల పైన సంపాదించుకున్న పేరు. నేను మీ మంచికే చెబుతున్నాను."

అది నిజమే. అతను మంచికే చెబుతున్నాడు. తిట్టి ఉంటే ఎదురు తిరగడం తేలికయ్యేది.

తిరిగి వచ్చేసరికి విరామం అయిపోయింది. ప్రేక్షకులు కూర్చుంటున్నారు. రెఫరీ తెల్ల చేతితొడుగులు సవరించుకుని బంతులు అమరుస్తోంది. డాక్టరమ్మ క్యూ కర్ర కొసకు సుద్ద రాస్తోంది. ఎడంచెయ్యి కుర్చీలో, పని అయిపోయినవాడిలా వెనక్కి జారి కూర్చున్నాడు. మేస్త్రీ తెర దగ్గర నిలబడ్డాడు. ఆట మొదలవబోతుంటే గుడ్డ పరిచేవాడు తెర దాటి వెళ్ళకూడదు. అది ఎవరూ రాయని నియమం.

ఈ ఆటలో ఎవరూ రాయకపోయినా అందరూ పాటించే నియమం ఇంకోటి ఉంది. చొక్కా చెయ్యి బంతికి తగిలితే, రెఫరీ చూడకపోయినా ఆటగాడే చెయ్యెత్తుతాడు. 'తాకింది' అంటాడు. గెలిచే ఆటను అలా చేజేతులా పోగొట్టుకున్నవాళ్ళను మేస్త్రీ ఎందరినో చూశాడు. ఈ ఎడంచెయ్యే పదకొండేళ్ళ కిందట ఒక పెద్ద ఆటలో అలా చెయ్యెత్తి ఓడిపోయాడు. తగిలింది చొక్కా గుండీ. హాల్లో ఇంకెవరికీ తెలియదు.

మేస్త్రీ తెర దాటాడు. రెఫరీకి నాలుగడుగుల దూరంలో ఆగి, కుడిచెయ్యి పైకెత్తాడు. బొబ్బ మానిన మచ్చ దీపాల కింద తెల్లగా కనబడింది.

"తప్పమ్మా," అన్నాడు. "నాది. గుడ్డ కొసలు మారి పరిచాను. నూగు ఇటు వాలి ఉంది."

హాలు గుసగుసలాడింది. రెఫరీ తెల్లబంతి తీసి, మధ్య బెజ్జం వైపుకు నెమ్మదిగా దొర్లించింది. అది తప్పువైపుకు ఒరగడం అందరూ చూశారు. మేనేజరు పరుగున వచ్చాడు గాని, అప్పటికే చెప్పడానికి ఏమీ మిగల్లేదు.

"ఎలా జరిగింది?" అంది రెఫరీ.

"వేళ్ళకు తెలియడం లేదు. చలికాలం నుంచి. చెప్పకుండా దాచాను."

డాక్టరమ్మ సుద్దబిళ్ళ జేబులో వేసుకుంది. "గెలిచిన మూడు ఫ్రేములూ నావే, తిరిగివ్వను," అంది. "మిగతావి వేరే బల్ల మీద ఆడతాను. మత్తిచ్చి పీకడం క్లినిక్‌లో చేస్తాను, ఇక్కడ వద్దు." కొందరు నవ్వారు. రెఫరీ ఎడంచెయ్యి వైపు చూసింది. అతను తల ఊపాడు. ఏడో బల్ల ఖాళీ అవగానే అక్కడ ఆడించాలని తేల్చారు.

ఎడంచెయ్యి క్యూ పట్టుకుని మేస్త్రీ దగ్గరికి వచ్చాడు. ఎడమ అరచెయ్యి ఒకసారి తెరిచి, మూసి, తెరిచి చూసుకున్నాడు.

"అంటే, నా చేతికి..."

"నీ చేతికేం కాలేదు."

"మూడు ఫ్రేములు పోయాయన్నా," అన్నాడు. "నడవాలోనే చెప్పి ఉండొచ్చు కదా. కుళాయి దగ్గర పక్కనే నిలబడి తువ్వాలిచ్చావు."

ఎడంచెయ్యి వెనుదిరిగి ఏడో బల్ల వైపు నడిచాడు.

మేస్త్రీ నాలుగో బల్ల మీద గుడ్డ విప్పాడు. ఒక్కో మేకూ పీకుతుంటే గంట పైనే పట్టింది. మేనేజరు ఇంకో మేస్త్రీకి ఫోను చేశాడు, సాయంత్రానికి వస్తానన్నాడట. విప్పిన గుడ్డను నేల మీద పరిచి, మేస్త్రీ బ్రష్‌తో ఒక బార ఇటు, ఒక బార అటు తోసి, చెవి ఒగ్గి విన్నాడు. తరవాత స్కోరు రాసేవాళ్ళ దగ్గర సుద్దముక్క అడిగి తెచ్చి, గుడ్డ తిరగేసి, అడుగున పెద్ద బాణం గీశాడు. జీవితంలో మొదటిసారి గీసింది. కొంచెం వంకర వచ్చింది. దాని పక్కనే, రాబోయే మేస్త్రీ కోసం, ఇస్త్రీపెట్టె, రసమట్టం పెట్టాడు. బ్రష్ ఒక్కటే గుడ్డసంచిలో వేసుకున్నాడు.

తలుపు ఏడో బల్ల పక్కనుంచే. స్కోరు పలక మీద నాలుగు, మూడు. ఆధిక్యం ఇంకా డాక్టరమ్మదే. మేనేజరుతో ఒక మాట, ఎడంచెయ్యితో ఒక మాట చెప్పి వెళ్ళాలని ఉంది ఆయనకు. కాని ఎడంచెయ్యి అప్పటికే బల్ల మీదకు వంగి ఉన్నాడు. మధ్య బెజ్జం, ఎర్రబంతి. ఆటగాడు వంగి ఉన్నప్పుడు హాల్లో ఎవరూ కదలరు, తలుపు తియ్యరు. మేస్త్రీ గడియ మీద చెయ్యి పెట్టి ఆగాడు. గడియ చల్లగా ఉందో లేదో ఆయనకు తెలియలేదు.

క్యూ తగిలిన చప్పుడు వినబడీ వినబడనంత సన్నగా వచ్చింది. బంతి కదిలింది, పసిబిడ్డను జరిపినంత నెమ్మదిగా. అందరి కళ్ళూ దాని మీదే ఉన్నాయి. మేస్త్రీ తలుపు తీసి, బయటకు జరిగి, చప్పుడు కాకుండా చేరవేశాడు.