చేత్తో మోటారు విన్న మా మామ

మా మామ పోయిన కబురు నాకు నాలుగు గంటలు ఆలస్యంగా తెలిసింది. మామ అంటే మా ఆయన నాయన. నేను శ్రీ సిటీలో ఒక కంపెనీలో సర్క్యూట్ బోర్డులకు సోల్డరింగ్ చేస్తాను. లోపలికి ఫోన్ పోనివ్వరు, లాకర్లో పెట్టి పోవాల. మధ్యాహ్నం షిఫ్టు దిగి లాకర్ తెరిస్తే ఫోన్ నిండా మా ఆయన చేసిన కాల్స్. తిరిగి చేసినాను. "నాయన లేడు" అన్నాడు. పొద్దున టీ తాగుతా తాగుతా గ్లాసు కింద పెట్టి గోడకు ఆనుకున్నాడంట. అంతే. ఆ నిమిషంలో నేను ఏ బోర్డు ముందర కూచోనుంటినో, పక్కనమ్మాయితో ఏం మాట్లాడి నవ్వుతా ఉంటినో అని నగరి దాకా బస్సులో అదే ఆలోచన.

మామ నలభై ఏండ్లు నగరిలో మరమగ్గాల మోటార్లకు వైండింగ్ చేసిన మనిషి. కాలిపోయిన మోటారు తెచ్చి గుమ్మంలో పడేస్తే, సాయంత్రానికి కొత్త రాగి తీగ చుట్టి తిప్పి చూపించేవాడు. ఆ మగ్గాల మోతలోనే చెవులు పోయినాయి. మోటారు బాగుందా లేదా అనేది అరచెయ్యి దానిమీద పెట్టి చెప్పేవాడు. "మోటారు మాట్లాడతాదిమా. సేత్తో ఇనల్ల" అనేవాడు నాతో.

పడవల పిచ్చి ఆయనకు అరవై దాటినాక పట్టింది. పుత్తూరు నుంచి ఎవరో రిమోట్‌తో నడిచే ఎలక్ట్రిక్ పడవను రిపేరుకు తెచ్చిచ్చినారు. మోటారు నిమ్మకాయంత ఉండాది. జీవితమంతా రెండు చేతుల్తో ఎత్తే మోటార్లు చూసినాయన, దాన్ని అరచేతిలో పెట్టుకొని ఇంటిల్లిపాదికీ చూపించినాడంట. బాగుచేసి పంపించేసినాడు గానీ మనసు దానిమీదే. చెన్నై నుంచి మోటారు, కంట్రోలర్, బ్యాటరీలు తెప్పించుకొని, థర్మోకోల్ చెక్కి దానిమీద ఫైబర్ గుడ్డ అంటించి, మూరెడు పొడుగు పడవ సొంతంగా చేసినాడు. అత్త మాత్రం "ముసిలోడు ఆటబొమ్మలు పెట్టుకొని కూచున్నాడు" అని వీధంతా చెప్పేది.

నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చినాక మూడేండ్ల దాకా ఆయనతో నేరుగా మాట్లాడింది లేదు. మామకు ఎదురుగా నిలబడి మాట్లాడే అలవాటు మా ఇంట్లో లేదు. అన్నానికి పిలవాలన్నా అత్తతో చెప్పించేదాన్ని.

ఒక ఆదివారం పెరట్లో బట్టలు ఆరేస్తా ఉంటే, రేకుల షెడ్డులో ఆయన బ్యాటరీ వైరుకు కనెక్టర్ అతికిస్తా కనిపించినాడు. అప్పటికే చేతులు వణకడం మొదలయింది. కరిగిన సోల్డర్ ఉండ కట్టి జారిపోతా ఉండాది. మళ్ళీ పెడతాడు, మళ్ళీ జారుతుంది. వైరు మందంగా ఉంటే వేడంతా అదే లాగేసుకుంటుంది, ముందు వైరుకు సోల్డర్ తాపించి పెట్టుకోవాల. అది మాకు కంపెనీలో మొదటి వారం నేర్పించే పాఠం. "మామా, వైరుకు వేడి చాల్లేదు" అన్నాను. ఆయనకు వినపడలేదు. ఇంకోసారి జారింది. తడి బట్టలు బకెట్లో పడేసి లోపలికి పోయి, ఆయన చేతిలోని సోల్డరింగ్ ఐరన్ తీసుకున్నాను. ఎట్ల తీసుకున్నానో నాకే తెలీదు. అతుకు వెండిలా మెరిసింది. ఆయన దాన్ని కళ్ళద్దాల దగ్గర పెట్టుకొని చూసి, గట్టిగా లాగి చూసి, "ఎవురు నేర్పిచ్చిరిమా నీకు?" అన్నాడు.

"మా కంపెనీలో మామా!" అని అరిచినాను, ఆయనకు వినపడాలని. వంటింట్లో అత్త చేతిలోంచి గిన్నె పడిన చప్పుడు నాకు వినపడింది.

అప్పట్నుంచి అతుకులన్నీ నావే. నీళ్ళున్న రెండు మూడు నెలలూ ఆదివారం పొద్దున్నే కుశస్థలి ఏటిమీద చెక్‌డ్యాం దగ్గరికి పోయేవాళ్ళం. ఆయన మోపెడ్ తోల్తే, నేను పడవను ఒళ్ళో పెట్టుకొని వెనక కూచునేదాన్ని. వీధిలో ఆడవాళ్ళు ముక్కున వేలేసుకునేవాళ్ళు. మా ఆయన మాత్రం "మా నాయన ఇంత మాట్లాడింది నేనెప్పుడూ చూళ్ళేదు" అని సంతోషపడినాడు.

పడవ పరుగెత్తాలంటే పెద్ద ప్రాపెల్లర్ వేస్తే సరిపోతుందని అనుకునేదాన్ని. ప్రాపెల్లర్‌ను ఆయన రెక్క అనేవాడు. నేను అడిగితే కాదనకుండా పెద్ద రెక్క బిగించినాడు. పడవ ముక్కు పైకెత్తి, నాలుగు గజాలు పోయి వెల్లకిలా పడింది. ఆయన పంచె ఎగ్గట్టి నడుము దాకా నీళ్ళలోకి దిగి తెచ్చి, ముందుగా బ్యాటరీని ఒక వేలెడు ముక్కు వైపు జరిపినాడు. మళ్ళీ వదిలినాడు. ఈసారి పల్టీ కొట్టకుండా పోయింది. నిమిషం కాగానే పడవను గట్టుకు తిప్పుకొని, నా చెయ్యి పట్టుకొని మోటారు మీద పెట్టించినాడు. చుర్రుమని తీసేసినాను.

"సూసినావా? దానికి మోయలేనంత బరువు పెట్టినావు. అది నోరు తెరిసి సెప్పల్యాక, కాలిపోతా ఉండాది."

చిన్న రెక్క బిగించినాడు. దాన్ని బిగించే ముందు సన్నని సూదికి గుచ్చి, రెండు పక్కలా సమానంగా నిలబడే దాకా బరువున్న వైపును గరుకు ఎమరీ కాగితంతో అరగదీయించినాడు నాతో. అరగంట పట్టింది. నాకు విసుగొచ్చి, బ్యాటరీ గూడా మార్చేద్దామా అంటే ఒప్పుకోలేదు. "ఒకటి మార్సు. నీళ్ళలో ఇడువు. సూడు. రెండూ ఒకేసారి మారిస్తే యాది బాగుసేసిందో యాది సెడగొట్టిందో నీకు యాడ తెలుస్తాది?" ఇప్పటికీ కంపెనీ లైన్లో బోర్డు పనిచేయకపోతే నేను ఒకసారికి ఒకటే మారుస్తాను.

ఇంక చెప్పకుండా దాటేయలేని సంగతి ఒకటుంది. రెండేండ్ల పాటు ఎవరికీ చెప్పలేదు.

ఆ బ్యాటరీలు మంచివే గానీ, దెబ్బ తగిలి పొట్ట ఉబ్బినాయంటే ప్రమాదం. అట్లాంటిదాన్ని ఆయన వేరే డబ్బాలో పెట్టేవాడు, ఉప్పునీళ్ళలో నానబెట్టి పారేయడానికి. మంచివాటిని గూడా మట్టి కుండలో ఇసక పోసి, దాంట్లో పెట్టే చార్జింగ్ చేసేవాడు. పక్కనుండి కదిలేవాడు కాదు. ఒక ఆదివారం ఏటికి పోవాలనే తొందరలో, ఆయన స్నానం చేసి వచ్చేలోపల సిద్ధంగా ఉంచుదామని, నేనే డబ్బా చూసుకోకుండా ఉబ్బిన బ్యాటరీ తీసినాను. కుండ దూరంగా ఉండాదని బల్ల మీదే చార్జింగ్ పెట్టినాను. పొయ్యి మీద పాలు గుర్తొచ్చి లోపలికి పోయినాను.

పాలు దించేలోపల పొగ. బల్ల పక్కనే అత్త మగ్గానికి తెచ్చిన నూలు మూటలు. నేను షెడ్డు గుమ్మంలోకి వచ్చేసరికి ఆయన తడి ఒంటితో ఉరికి వచ్చి, మండుతున్న బ్యాటరీని వట్టి చేత్తో పట్టుకొని పెరట్లోకి విసిరేసినాడు. ఒక నూలు మూట సగం కాలింది. ఆయన కుడి అరచెయ్యి తోలు ఊడొచ్చింది.

అత్త పరుగెత్తుకొచ్చి అరిచింది. "ఎవురు పెట్టినారు దాన్ని ఆడ?"

నేను నోరు తెరిచినాను. ఆయన నా వైపు చూడకుండానే అన్నాడు, "నేనే. పెట్టి మర్సిపోతిని."

అప్పట్లో అత్తకు నా ఉద్యోగం ఇష్టం లేదు. ఇంట్లో మగ్గం పెట్టుకొని యాడికో బస్సెక్కి పోవడమేమని రోజూ గొడవ. నేనే నిప్పు పెట్టినానని తెలిసుంటే ఆ షెడ్డూ ఉండేది కాదు, ఉద్యోగమూ ఉండేది కాదు. అది ఆయనకు తెలుసు. నాకూ తెలుసు. అందుకే నోరు మూసుకున్నాను. పిరికితనమే అది, ఇంకో పేరేమీ లేదు.

కట్టు విప్పినాక ఆ చెయ్యి పూర్తిగా ముడుచుకునేది కాదు. ఏదైనా పట్టుకోవాలంటే ఎడమ చేత్తోనే. మోటారు మీద పెట్టి చూసే అరచెయ్యి అదే. మొద్దుబారిపోయింది. ఎడమ చెయ్యి పెట్టి చూసి, "ఇది కొత్త సెయ్యి, దీనికింకా బాస రాదు" అని నవ్వినాడు. నేను నవ్వలేకపోయినాను.

అత్త తిట్లు ఆగలేదు. అన్నం పెడతా తిట్టేది, చుట్టాల ముందర తిట్టేది. ఒకరోజు నేను తట్టుకోలేక, "మామా, నేనే అని అత్తకు చెప్పేస్తా" అన్నాను చెవి దగ్గర.

"సెప్తే నిన్నంటాది. నీకు ఇనపడతాది. నన్నంటే నాకేమి, సెవుడు గదా" అన్నాడు.

చెప్పలేదు నేను. చెప్పొచ్చులే, చెప్పొచ్చులే అని రెండేండ్లు గడిచినాయి.

దినాలైపోయి చుట్టాలంతా పోయినాక, అత్త ఆయన చొక్కాలు మడతపెడతా కూచోనుంటే పోయి ముందర కూచున్నాను. మొత్తం చెప్పినాను. డబ్బా, కుండ, పాలు, అన్నీ. అత్త మడతపెడతానే ఉండాది. చివరి చొక్కా ఒళ్ళో పెట్టుకొని అడిగింది, "సెయ్యి నొప్పి అనేవాడా నీతో?"

"ఎప్పుడూ అనలా అత్తా. వాన పడితే మాత్రం ఆ చెయ్యి చంకలో పెట్టుకొని కూచునేవాడు."

"అది సలికి అనుకుంటిని నేను" అంది. కాసేపు చొక్కా గుండీలు పెట్టడం, తీయడం. "సలికి అనుకొని, దుప్పటి కప్పుకొని సావు అని గూడా తిడితినే."

నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. నాకు అన్నం పెట్టింది, నా టిఫిన్ డబ్బా కట్టింది, మాట మాత్రం లేదు. తిట్టినా బాగుండేది.

అయిదో రోజు ఆదివారం. పొద్దున్నే షెడ్డు గుమ్మంలో నిలబడి, "ఆ పడవ నీకు తోలను వస్తాదా?" అని అడిగింది. వస్తుందన్నాను. "పోదాం పద" అంది.

మంచి బ్యాటరీల డబ్బా తీసినాను. నిండుగా పెట్టి దాస్తే చెడిపోతాయని బ్యాటరీలన్నీ సగం చార్జింగ్‌లో ఉంచిపోయినాడు మామ. ఒకదాన్ని కుండలో పెట్టి, నిండే దాకా ఎదురుగా కూచున్నాను. అత్త గూడా నా పక్కనే పీట వేసుకొని కూచుంది. అట్లా ఒక గంట. తర్వాత ఆటో పిలుచుకొని ఏటికి పోయినాము.

నీళ్ళు బాగా ఉన్నాయి ఈ ఏడు. పడవను వదిలినాను. ఎండలో తెల్లగా నురగ చిమ్ముకుంటా అవతలి గట్టు వైపు పోయింది, నేను తిప్పినాను, మళ్ళీ పోయింది. అత్త రాయి మీద కూచోని చూస్తా ఉండాది. చార్జింగ్ అయిపోవస్తుంటే వేగం తగ్గించి గట్టు వైపు తిప్పినాను. అత్త లేచింది. చెప్పులు విడిచి, చీర కుచ్చెళ్ళు ఒక చేత్తో ఎత్తి పట్టుకొని, రైలు పట్టాల మీద నడిచినట్టు జాగ్రత్తగా పిక్కల దాకా నీళ్ళలోకి దిగింది. రెండో చెయ్యి పడవ కోసం ముందుకు చాపి నిలబడింది. పడవ ఇంకా చాలా దూరంలో ఉండాది. దాని అల మాత్రం ముందే వచ్చి ఆమె కాళ్ళకు తగిలి, వెనక్కి పోతా ఉండాది.