నెల చందా మీద నడిచిన ఊరు

ప్రొద్దుటూరులో బంగారు అంగళ్ల వీధికి వెనక సందులో మాకు ఒక నెట్ సెంటర్ ఉండేది. ఎనిమిది కంప్యూటర్లు, రెండు ఫ్యాన్లు, పరీక్షా ఫలితాలు వచ్చిన రోజు తప్ప ఎప్పుడూ నిండని ఒక బెంచీ. దాన్ని నా భర్త నడిపేవాడు. నేను ఒక డిగ్రీ కాలేజీలో కంప్యూటర్లు చెప్పి, మధ్యాహ్నం మూడింటికి వచ్చి ఆయన పక్కన కూర్చునేదాన్ని. అలా కూర్చోవడం మొదలుపెట్టిన రెండో ఏడు, పనిలేని మధ్యాహ్నాల్లో ఒక ఆట రాశాను.

ఆట అంటే ఇప్పటివాళ్లు ఊహించుకునేలాంటిది కాదు. బొమ్మలు తక్కువ, అక్షరాలు ఎక్కువ. చేరినవాళ్లకు తలా ఐదెకరాల మెట్ట ఇస్తుంది. వేరుశెనగ వేసుకోవచ్చు, పత్తి వేసుకోవచ్చు. నీళ్లు మాత్రం ఒక్కరి వల్ల కాదు. బావి తవ్వాలంటే పక్కపక్క పొలాలవాళ్లు ముగ్గురు కలవాలి. ముగ్గురూ రోజుకొకసారైనా వచ్చి తమ వంతు పని చేయకపోతే బావి పూడిపోవడం మొదలవుతుంది. పండింది సంతలో అమ్ముకోవాలి, ఏడాదికోసారి సర్పంచిని ఎన్నుకోవాలి. నరికేదీ కాల్చేదీ అందులో లేదు. కావాలనే పెట్టలేదు. ఆ రోజుల్లో బయట అది కావలసినంత ఉండేది.

ముందు మా సెంటర్లోనే పది పదిహేను మంది ఆడేవారు. తర్వాత జమ్మలమడుగులో ఒక సెంటరూ పులివెందులలో మూడూ మా ఆటను పెట్టుకున్నాయి. నేను దానికేదో పేరు పెట్టాను కానీ ఎవరూ ఆ పేరుతో పిలవలేదు. అందరికీ అది 'ఊరు'. ఊర్లోకి పోయొస్తామంటూ గంటకింతని కట్టి కూర్చునేవారు.

ఆట నడవాలంటే దాన్ని పెట్టిన సర్వర్‌కు నెలనెలా అద్దె కట్టాలి. అదెక్కడో దూరదేశంలో ఉండేది. కొన్నాళ్లు మేమే భరించాం. తర్వాత నా భర్త నెల చందా పెడదామన్నాడు, ముప్పై రూపాయలు. పెళ్లిపత్రికలు వేసే ప్రెస్సులో చిన్న కార్డులు అచ్చు కొట్టించాం. ఒక్కో కార్డు మీద ఒక నంబరు. ఆ నంబరు కొడితే నెలరోజులు మీ పొలం మీది.

మొదటి నెలే సగం మంది మానేశారు. "గంటకు ఇస్తానే ఉండాం గదక్కా, మళ్ల నెలకేంది?" అని అడిగారు. అందులో తప్పు లేదు. రెండో నెలలో మానేసినవాళ్లలో కొందరు తిరిగి వచ్చారు. ఎందుకొచ్చారని అడిగితే ఆట బాగుంటుందని ఒక్కరూ అనలేదు. బావిలో నా వంతు ఉంది, పక్కనున్నాయన ఒక్కడే తోడుకుంటున్నాడు, చూడబుద్ధి కాలేదు అన్నారు. నేను ఏం అమ్ముతున్నానో అప్పుడు తెలిసింది. పక్క పొలంలో ఇంకో మనిషి ఉన్నాడన్న నమ్మకాన్ని అమ్ముతున్నాను. దాన్ని నేను తయారు చేయలేదు. వాళ్లే ఒకరికొకరు తయారు చేసుకుని, అద్దె తెచ్చి నా చేతిలో పెడుతున్నారు.

దానితోపాటు భయం కూడా పట్టుకుంది. పది మంది మానేస్తే పది చందాలు పోయి ఊరుకునేది కాదు. వాళ్ల బావులు పూడేవి, ఇంకో ఇరవై మందికి నీళ్లు అందేవి కావు, వాళ్లలో కొందరు మరుసటి నెల కార్డు కొనేవారు కాదు. నా భర్త పెళ్లికి ముందు ఒక సినిమా హాల్లో టికెట్లు అమ్మాడు. హాల్లో పదిమందే కూర్చున్నా సినిమా అదే సినిమా, ఇక్కడ పదిమందే మిగిలితే ఊరే ఉండదు అనేవాడు. ఎంతమంది ఉంటే అద్దె గడుస్తుందో లెక్క వేయగలిగాం. ఎంతమంది పోతే మిగతావాళ్లూ పోతారో మాత్రం ఏ లెక్కకూ అందలేదు.

ఆ ఏడు ఎన్నికలు వచ్చాయి. పులివెందుల వైపు ఒక పల్లెలో మనిషిని చంపారు. బస్సులు ఆగాయి, అంగళ్లు మూతపడ్డాయి. మూడు ఊళ్లలోనూ నెట్ సెంటర్లు తొమ్మిది రోజులు తెరవలేదు. తెరిచాక అందరి చందాకూ తొమ్మిది రోజులు కలిపాను. ఎవరూ అడగకముందే కలిపాను. మన బందు సంగతి ఆ సర్వర్ వాళ్లకు తెలుస్తుందా, వాళ్లు మనకు కలుపుతారా అని నా భర్త గొణిగాడు గానీ అడ్డం చెప్పలేదు. అయినా చాలామంది తిరిగి రాలేదు. చీకటి పడకముందే ఇళ్లు చేరాలని పల్లెలవాళ్లు సెంటర్ల వైపు రావడమే తగ్గించారు. రెండు నెలల్లో ఊరు సగమైంది.

అప్పుడొక మధ్యాహ్నం తెల్లచొక్కా పెద్దమనిషి ఒకాయన వచ్చాడు. జీపు సందు మొదట్లోనే ఆపి, ఒక్కడే నడిచి వచ్చాడు. పులివెందుల వైపు ఒక పెద్ద భూస్వామి ఇంట్లో వ్యవహారాలు చూస్తానని చెప్పుకున్నాడు. ఆ ఇల్లు ఏ పార్టీదో ఆయన చెప్పలేదు, చెప్పాల్సిన అవసరమూ లేదు. నా భర్త టీ తెప్పించాడు. తమ మనుషులు కొందరు ఈ ఆట ఆడుతున్నారనీ, ఇది మూతపడేలా ఉందని చెప్పుకుంటున్నారనీ, తమ అన్న, అంటే ఆ భూస్వామి, ఏడాది పొడుగునా అందరి చందా తానే కడతానన్నాడనీ చాలా మర్యాదగా చెప్పాడు. ఆడేవాళ్లు ఒక్క రూపాయి ఇవ్వక్కర్లేదు.

బదులుగా ఆయన అడిగినవి మొదట రెండే. ఆటలోని పంచాయతీ ఆఫీసుకు వాళ్ల జెండా రంగు వేయాలి. సర్పంచి ఎన్నిక లేకుండా, వాళ్లు చెప్పిన పేరును ఏకగ్రీవం చేయాలి. నా భర్త తల ఊపుతూ విన్నాడు. టీ గ్లాసు కింద పెట్టి ఆయన మూడోది అడిగాడు.

"ఇంగొకటుంది, పెద్దదేం కాదులేమ్మా. ఎవురెవురు యా ఊరోళ్లు ఆడతాండారో ఒక లిస్టు రాసియ్యి, సాలు. మావోళ్లెవురో కానోళ్లెవురో తెలుస్తాది గదా."

ఆ లిస్టు నా దగ్గర ఉంది. చేరేటప్పుడు సొంత ఊరి పేరు రాయించుకునేదాన్ని. ఒకే పల్లెవాళ్లంతా ఒకచోట గుంపు కట్టకుండా, వేర్వేరు ఊళ్లవాళ్లకు పక్కపక్కన పొలాలు ఇవ్వడానికి దాన్ని వాడుకునేదాన్ని. ఆ కారణంగానే ఒక బావి మీద పులివెందుల వైపు గండి గుడి దగ్గరి పల్లె రైతూ, జమ్మలమడుగు అవతలి పల్లె మనిషీ, ప్రొద్దుటూరులో బంగారుపని చేసే ఒకాయనా కలిశారు. మొదటి ఇద్దరి పల్లెలూ రెండు వైపులవి. బందుకు కారణమైన కక్ష ఆ రెండు వైపుల మధ్యదే. ఆటలో వాళ్లకు ఒకరి ఊరు ఒకరికి తెలియదు. నీళ్ల వంతు ఎవరిదని రోజూ మాట్లాడుకునేవారు. ఆ రెండు పేర్లూ ఒక కాగితం మీద ఆ పెద్దమనిషి చేతికి పోతే ఏం జరుగుతుందో మా వైపు ఎవరికైనా తెలుసు.

వారం రోజులు గడువు అడిగి ఆయన్ను పంపించాం. లిస్టు ఇవ్వకూడదన్న విషయంలో మా ఇద్దరికీ తేడా లేదు. మిగతా రెండింటికీ ఒప్పుకుని, లిస్టు వద్దని బతిమాలుకుందామని నా భర్త అన్నాడు. రంగు వేసుకుంటే ఏం పోతుంది, మూతపడితే అందరికీ పోతుంది కదా అన్నాడు. ఆ మాటలో న్యాయం ఉంది. అద్దె గడువు నెత్తిమీదే ఉంది.

ఆదివారం జమ్మలమడుగుకు పోయాను. మా నాయన అక్కడ మిషన్ బడిలో పంతులుగా చేసి రిటైరయ్యాడు, చర్చిలో కోశాధికారి. ఆరాధన అయ్యాక, చర్చి మెట్ల మీద కూర్చుని సంగతంతా చెప్పాను. ఆయన తన చిన్నప్పటి సంగతి ఎత్తుకున్నాడు. మిషన్ తెల్లదొరలు వెళ్లిపోయాక చర్చి సంఘానికి విదేశాల నుంచి వచ్చే డబ్బు ఆగిపోయింది. ఇంటికింతని నెల చందా పెట్టుకున్నారు. అది ఇవ్వలేని ఇళ్లలో ఆడవాళ్లు వంటకు బియ్యం తీసినప్పుడల్లా ఒక పిడికెడు పక్కన పోసి, ఆదివారం తెచ్చేవారు. పాస్టరు జీతం ఎన్నో నెలలు ఆలస్యమయ్యేది గానీ ఆగలేదు. ఒక వానకాలం చర్చి గోడ కూలింది. ఒక పెద్ద రైతు, సంఘం మనిషి కాదు, తానే కట్టిస్తానన్నాడు. మంచి గోడే కట్టించాడు. తర్వాతి ఎన్నికల్లో ఆరాధన మధ్యలో వచ్చి, ఎవరికి ఓటెయ్యాలో ప్రసంగపీఠం దగ్గర నిలబడి చెప్పాడు.

"ఆయప్పను తప్పు పట్టేదానికి ల్యాదు పాపా. గోడ కట్టించింది ఆయప్పే గదా, లోపలికి రావద్దని ఎట్ల చెప్పేది?" అన్నాడు నాయన. "ఆ పొద్దు మేమంతా తలకాయలు వంచుకోని విన్యాం. పిడికెడు బియ్యం తెచ్చే అవ్వ ఒకతి మాత్రం లేసి ఇంటికి పాయె."

నన్నేం చేయమంటావని అడిగితే, ఆ ఆట సంగతి తనకేం తెలుసన్నాడు.

సోమవారం సెంటర్ తెరవకముందే ఇద్దరం పోయాం. అందరి వివరాల్లో ఊరి పేరు ఉండే గడిని ఆటలోనుంచి మొత్తంగా తీసేశాను. ఒక్క వాక్యం రాసి ఒక మీట నొక్కితే అయిపోయింది. కాగితాల మీద నింపించుకున్న ఫారాలు ఒక సంచినిండా ఉన్నాయి. వాటిని నా భర్తే కూర్చుని చించాడు. లిస్టంటూ ఉంటే ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు అన్నాడు. రంగు గురించి మళ్లీ మాట్లాడలేదు.

పెద్దమనిషి చెప్పిన రోజుకే వచ్చాడు. ఊరి పేర్లు మా దగ్గర లేవని, చందా ఎవరిది వాళ్లే కట్టుకుంటారని చెప్పాను. ఆయన కోప్పడలేదు. ఆట ఒకసారి చూపించమన్నాడు. పక్కన కూర్చుని చూపించాను. కాసేపు పొలాలూ బావులూ చూశాడు.

"దీంట్లో మడిసిని కొట్టేది ల్యాదా?"

లేదన్నాను.

"మరి దుడ్లిచ్చి ఎవురాడతారమ్మా దీన్ని?" అన్నాడు. ఎగతాళిగా అనలేదు, నిజంగానే అర్థంకాక అడిగాడు. నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు. వారం తిరిగేసరికి పులివెందులలో మూడు సెంటర్లూ మా కార్డులు అమ్మడం మానేశాయి. ఎవరు చెప్పారని మేము అడగలేదు, వాళ్లూ చెప్పలేదు.

దాచి లాభం లేదనుకున్నాను. ఊళ్లోకి వచ్చిన ప్రతివాళ్లకూ కనబడేలా ఆటలోని పంచాయతీ గోడ మీద ఉన్నది ఉన్నట్టు రాశాను. అద్దె ఎంత, చందా ఎంత వస్తున్నది, ఇంకా ఎంతమంది చేరకపోతే నెలాఖరుకు ఆట ఆగిపోతుందో అంతా. రెండు రోజులు ఎవరూ ఉలకలేదు. మూడోరోజు బంగారుపని చేసే ఆయన తన అంగట్లోవాళ్లను నలుగురిని వెంటబెట్టుకుని వచ్చి కార్డులు కొనిపించాడు. జమ్మలమడుగు సెంటర్ నుంచి ఫోను వచ్చింది, ఇంకో కట్ట కార్డులు పంపమని.

ఆ వారమే గండి దగ్గరి రైతు వచ్చాడు. అంతకుముందు ఆయన్ను నేను చూడలేదు. పులివెందులలో కార్డులు దొరకట్లేదని బస్సెక్కి ప్రొద్దుటూరు దాకా వచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయేమో, చేతుల మీద చీనీ చెట్ల ముళ్లు గీరిన గుర్తులు. రెండు కార్డులు అడిగాడు. ఒకటి తనకు, రెండోది తన బావి మీద ఉన్న మనిషికట. ఆ మనిషి ఆటలోకి రాక పన్నెండు రోజులైంది, చందా అయిపోయింది, పొలం బీడు పడుతోంది.

ఆ మనిషి ఆటపేరు చెబితే, రెండో కార్డు నంబరు ఆ పేరు మీద నేనే కొట్టాను. చందా ఉంటే, రానివాడి వంతు పనిని బావి మీది మిగతావాళ్లు చేసిపెట్టే వీలు ఆటలో ఉంది.

"ఆయప్పది యా ఊరక్కా?"

"తెల్దప్పా. ఊర్ల పేర్లన్నీ చెరిపేసినాం."

కంప్యూటర్లోనుంచి చెరిపేసిన మాట నిజం. నాకు మాత్రం బాగా గుర్తుంది. ఆయన కొంచెంసేపు నా మొహంలోకి చూశాడు. నా అబద్ధం తెలిసిపోయిందనే ఇప్పటికీ అనుకుంటాను.

"మంచిదేలే," అని చిల్లర జేబులో వేసుకుని బస్టాండుకు పోయాడు.

జమ్మలమడుగు మనిషి ఇరవై రోజుల తర్వాత తిరిగి వచ్చాడు. ఆ హత్య కేసులో పేరు ఇరికిస్తారన్న భయంతో అనంతపురంలో అక్క ఇంట్లో ఉండి వచ్చాడని జమ్మలమడుగు సెంటర్ నడిపే ఆయన చెప్పాడు. తన పొలం పచ్చగా ఉండటం చూసి బావి దగ్గర రాశాడు, ఎవరప్పా నా పేరు మీద కట్టింది అని. కింద జవాబు ఒక్క ముక్కే ఉంది. నీ వంతొచ్చింది, నీళ్లు తోడుకో.

ఆ తర్వాత ఊరు ఇంకో ఏడాది పైన నాలుగు నెలలు నడిచింది. లాభం చూడలేదు, అప్పూ పడలేదు. దాని అద్దె అది కట్టుకుంది. మధ్యలో నా భర్త ఒక ఉపాయం చెప్పాడు. చేరడం ఉచితం చేసి, ఎక్కువ డబ్బిచ్చినవాళ్లకు బావి ఒక్కరోజులో పడేలా పెడదామన్నాడు. పెద్ద కంపెనీలన్నీ ఆ దారికే మళ్లాయని తర్వాత తెలిసింది. ఆయన తెలివి తక్కువది కాదు. ఒక వారం దాని మీదే ఆలోచించాను. డబ్బున్నవాడికి ఒక్కడికే బావి పడితే, పక్కవాడిని పిలవాల్సిన పని ఎవరికుంటుంది అనిపించి వదిలేశాను. ఆ వదిలేయడంతో ఆట ఆయుష్షు తగ్గిందేమో. తగ్గే ఉంటుంది. ఇళ్లలోకే ఇంటర్నెట్ వచ్చింది, కత్తులూ తుపాకులూ ఉన్న ఉచిత ఆటలు వచ్చాయి. నెట్ సెంటర్లే ఒక్కొక్కటిగా సెల్‌ఫోన్ అంగళ్లయ్యాయి. మాదీ అయింది.

మూసేముందు నెలరోజుల గడువు చెప్పాం. కొత్త కార్డులు అమ్మలేదు. రోజులు మిగిలినవాళ్లకు లెక్కగట్టి డబ్బు తిరిగి ఇచ్చాం. కొందరు తీసుకున్నారు, కొందరు టీ తాగి పోయారు.

ఆఖరి రోజు సాయంత్రం ఐదింటికి ఆపుతామని గోడ మీద రాశాను. నాలుగింటికి చూస్తే పంతొమ్మిది మంది ఊళ్లో ఉన్నారు. అంతా వేరుశెనగ విత్తుతున్నారు. అది చేతికి రావడానికి ఆటలో పన్నెండు రోజులు పడుతుంది. పొరపాటు పడుతున్నారేమోనని, ఐదింటికి అంతా ఆగిపోతుంది, పంట రాదు అని మళ్లీ రాశాను. తెలుసక్కా అని ఎవరో రాశారు. విత్తడం ఎవరూ ఆపలేదు. ఐదు దాటాక కూడా ఆపడానికి నాకు చేయి రాలేదు. చివరి సాలు పడేదాకా ఉండి, ఐదుంబావుకు నా భర్త ఆపాడు.