ఎడమచేతి ముడి

సముద్రానికీ ఊరికీ మధ్య ఉన్న ఇసుక దిబ్బను కాపాడే పనిలో ఆవిడ చేరి ముప్పై ఏళ్లు దాటింది. తోటి పనివాళ్లు దిబ్బక్క అంటారు, ఆవిడా పలుకుతుంది. ఆ పనిలో పెట్టింది అత్తగారు. అత్తగారు గయ్యాళి అని కోడలు ఎన్నడూ అనలేదు. ఆ మాట ఊరే అనేస్తుంటే ఆవిడకు అవసరం రాలేదు.

పని చెప్పుకోవడానికి చాలా చిన్నది. గాలికి అడ్డంగా పుల్లల దడి కట్టాలి. గాలి ఆ దడిలో దూరి నెమ్మదించి, మోసుకొచ్చిన ఇసుకను అక్కడే దించేస్తుంది. దడి మునిగాక దానిపైన ఇంకొకటి. పైన గడ్డి నాటాలి, దాన్నెవరూ తొక్కకుండా చూడాలి. అంతే. ఆ అంతే ఇప్పుడు రెండంతస్తుల మేడంత ఎత్తుంది.

పుల్లకూ పుల్లకూ మధ్య పుల్లంత సందు ఉండాలన్నది అత్తగారి నియమం. కొత్త కోడలికి అది నచ్చలేదు. "సందులుంటే అది దడా, జల్లెడా?" అనుకుంది. అసలు ఆ రోజుల్లో పనే నచ్చలేదు, పుట్టింటికి పోతానని రోజుకోసారి ఏడ్చేది. ఒకనాడు అత్తగారు లేని పూట, తాడు చాలక పాత ఆకుపచ్చ దుప్పటి చింపి మరీ, చీమ దూరే సందైనా లేకుండా తన మొదటి దడి కట్టేసింది. తర్వాత నెల్లాళ్లు దిబ్బ అవతలి కొసన గడ్డి నాటే పని పడింది. తిరిగొచ్చి చూస్తే ఆ దడి ఇసుకలో నిలువునా మునిగి ఉంది! అత్తగారు చూసి "ఊఁ" అంది. అత్తగారి నోట "ఊఁ" అంటే సన్మానం కింద లెక్క. మళ్లీ ఎవరూ ఏడుపు వినలేదు. ఆ తర్వాత సందులుంచే కట్టినా, తన పద్ధతే గొప్పదని ఆవిడ నమ్మకం. దొరికిన ప్రతివాళ్లకూ ఆ కథ చెప్పేది.

ఈ ఏడు తుఫాను దిబ్బను నిలువునా సగం కోసుకుపోయింది. ఊళ్లోకి మాత్రం చుక్క నీరు రాలేదు. మర్నాడు పొద్దున్నే ఇంజినీరు వచ్చాడు. మిగిలిన దిబ్బ ముందు సందుల్లేని చెక్కగోడ కట్టాలా, పాత దడులే వెయ్యాలా తేల్చాలి. ఆ నిర్ణయం తప్పయితే వచ్చే తుఫానుకు దిబ్బ ఉండదు, దాని వెనక ఊరూ ఉండదు.

"ముప్పై ఏళ్ల అనుభవం మీది. మీరెలా చెబితే అలాగే చేద్దాం," అన్నాడు.

చెక్కగోడే అన్న మాట నోటిదాకా వచ్చింది. అంతలో తలెత్తి చూసింది. తెగిన ఇసుకలో తన దడులన్నీ బయటపడ్డాయి, ఒకదాని మీద ఒకటి, కింది నుంచి ఆకాశం దాకా. ఇన్నేళ్లూ పుల్లలు కడుతున్నాననుకుందే తప్ప, కొండను కడుతున్నానని ఆవిడకు తోచనే లేదు.

అడుగున ఆకుపచ్చ పీలికలు కనబడ్డాయి. పరుగున వెళ్లి మోకాళ్ల మీద కూర్చుంది. ఒక పుల్ల ఉంది, దాని పక్కది లేదు. మళ్లీ ఒకటి ఉంది, మళ్లీ పక్కది లేదు. లేనిచోటల్లా తన పీలిక ఖాళీగా వేలాడుతోంది. ఉన్న పుల్లలకు తారు తాడుతో వేరే ముడి, ఎడమవైపు తిరిగి ఉంది. ఎడమచేత్తో ముడివేసే మనిషి ఆ దిబ్బ మీద ఒక్కరే.

"సందులుండాలి సార్," అంది.

"ఖాయమేనా?"

"మా అత్తయ్య చెప్పింది సార్. నాకే ఇవాళ వినబడింది."

ఇంటికి వెళ్లేసరికి అత్తగారు కిటికీ దగ్గర కూర్చుని చెవిలో ఇసుక దులుపుకుంటోంది. పని మానేసి పదిహేనేళ్లయినా ఆవిడ చెవుల్లో ఇసుక తగ్గలేదు.

"అత్తయ్యా, నా ఆకుపచ్చ దడి విప్పింది మీరేనా?"

"ఇన్నాళ్లకు తెలిసిందా! సందు లేక గాలి కింద తవ్వేసింది. మూడోరోజుకే మోకాలిలోతు గొయ్యి."

"మరి చెప్పరేం? ముప్పై ఏళ్లు ఊరంతా గొప్పలు చెప్పుకున్నానే!"

"చెబితే మర్నాడు దిబ్బెక్కేదానివా? ఇసుకంటే గాలి మోసుకొస్తుంది. నువ్వు వెళ్లిపోతే నిన్నెవరు మోసుకొస్తారే?"

కోడలు "ఊఁ" అంది.