పడవ ముక్కు కింది చెక్క

నా చిన్నప్పుడు నాకు పాములంటే ఎంత భయమో, ఆ సంగతి మా తాతయ్యకి తెలిసిపోతుందేమోనన్న భయం అంతకు రెండింతలు. గోదావరి పాయ మీద మా రేవు పడవ ఆయనదే. ఎంత గాలి లేచినా నోట్లో చుట్ట తియ్యకుండా గెడకర్ర వేసి పడవ నడిపే మనిషి. అలాంటాయనతో నేను పిరికిదాన్నని ఎలా చెప్పను?

ఏటా ఎండాకాలం నీళ్ళు తగ్గాక ఆ టేకు పడవని గట్టుకి లాగి, కొబ్బరి దుంగల మీద నిలబెట్టేవాళ్ళు. పాత నూనె పెచ్చులు గీకి, చెక్కలో గీతలు ఎటు నడిస్తే అటే ఉప్పుకాగితంతో రుద్దేవాళ్ళు. తర్వాత జానెడుకొకచోట మేకు మొనతో నొక్కి చూడాలి. దిగకపోతే చెక్క గట్టిగా ఉన్నట్టు. అప్పుడే గుగ్గిలం కలిపి కాచిన నూనె పట్టించాలి. నూనె పడ్డాక మంచి చెక్కా చెడ్డ చెక్కా ఒకేలా మెరుస్తాయని తాతయ్య ప్రతిసారీ చెప్పేవారు.

ఆ ఏడు నాకు పదేళ్ళు. పడవ ముక్కు కింద వెల్లకిలా పాకి వెళ్తే తప్ప చెయ్యి అందదు. సన్నగా ఉంటానని ఆ చోటు నాకు అప్పగించి, మేకు చేతికిచ్చారు. సగం పాకేసరికి దుంగ పక్కన, నా చెవికి మూరెడు దూరంలో, పాము కుబుసం కనిపించింది. కుబుసం ఇక్కడుంటే పాము ఎక్కడుందో? ఎలా బయటపడ్డానో నాకే తెలియదు. అయిపోయిందా అని తాతయ్య అడిగారు. అయిపోయిందన్నాను. ఆయన ఇంకో మాట అడక్కుండా కర్రకి గుడ్డ చుట్టి, ముక్కు కింద నూనె పట్టించేశారు.

నూనె ఆరడానికి మూడు రోజులు. ఆ మూడు రోజులూ నాకు అన్నం సయించలేదు. పడవ మాత్రం నిగనిగలాడుతూ ఎండ కాచుకుంటోంది. చెప్పేద్దామని పదిసార్లు తాతయ్య దగ్గరికి వెళ్ళి, మంచినీళ్ళు కావాలా అని అడిగి వచ్చేశాను. పాపం ఆయన అన్నిసార్లూ తాగారు. టేకు కదా, ఏమీ కాదులే అని నాకు నేనే చెప్పుకునేదాన్ని. మరుక్షణం గోదారి లోతు గుర్తొచ్చి మళ్ళీ తాతయ్య దగ్గరికి బయల్దేరేదాన్ని.

మా రేవులో ఒక పద్ధతి ఉండేది. పడవకి పని చేసినవాళ్ళు మొదటిసారి దాటేటప్పుడు తప్పకుండా ఎక్కాలి. ఎవరు ఎక్కడ పని చేస్తే అక్కడే కూర్చోవాలి. నాలుగోరోజు పొద్దున్న పడవని నీళ్ళలోకి దించి, పసుపూ కుంకుమా పెట్టి కొబ్బరికాయ కొట్టారు. నేను వెళ్ళి ముక్కు దగ్గర కూర్చున్నాను. మునిగితే నేనూ మునుగుతాను, సరిపోతుంది అనుకున్నాను. అంతలో మా పిన్ని మూడు నెలల బిడ్డనెత్తుకుని రేవు మెట్లు దిగింది. వాళ్ళ అత్తగారిల్లు అవతలి ఒడ్డునే. నా పక్కన కూర్చుని, చీర సర్దుకోవడానికి బిడ్డని నా ఒళ్ళో పెట్టింది. వాడు వెచ్చగా ఉన్నాడు. నా కాళ్ళ కింద చెక్క చల్లగా ఉంది.

బిడ్డని పిన్నికిచ్చేసి, వెనక గెడ పట్టుకుని నిలబడ్డ తాతయ్య దగ్గరికి పరిగెత్తి, ఆయన పంచె పట్టుకుని గుసగుసగా చెప్పాను.

"తాతయ్యా, ముక్కు కింద నేను చూళ్ళేదు. పాము భయమేసి వచ్చేశాను."

ఆయన వెంటనే అందర్నీ దించేశారు. కొబ్బరికాయ కొట్టాక పడవని వెనక్కి లాగడం అరిష్టమని జనం గొణిగారు. "పొరపాటు నాదేనండి. కళ్ళు సరిగ్గా ఆనడం లేదు" అన్నారాయన. నా పేరెత్తలేదు. పడవ గట్టెక్కాక, ఒక చెయ్యి నా భుజం మీద ఉంచి, నాతోపాటు తానూ ముక్కు కిందకి పాకారు. మేకు నా చేతే నొక్కించారు. ఉడికిన కందలోకి దిగినట్టు తలదాకా దిగిపోయింది. అంతకు ముందు ఏడాది వేసిన అతుకులో చేవలేని తెల్లచెక్క పడి, లోపలే పుచ్చిపోయింది.

బయటికొచ్చాక తాతయ్య అలాగే మట్టిలో కూర్చుండిపోయారు. చుట్ట నోట్లో పెట్టుకుని వెలిగించడం మర్చిపోయారు. ఆయనకీ భయం ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది.

"భయమేస్తోందని చెప్తే నేనే వెళ్ళేవాణ్ణి కదమ్మా. అయిపోయిందన్నావని నూనె రాసేశాను."

తిట్టి ఉంటే ఏడ్చి మర్చిపోయేదాన్నేమో. ఆ ఏడాదంతా రేవులో జనం కళ్ళజోడు కొనుక్కోమని ఆయన్ని ఆటపట్టిస్తే, పక్కనే ఉండి వినాల్సి వచ్చింది. ఆయన నవ్వి ఊరుకునేవారు.

ఇప్పుడక్కడ వంతెన వచ్చేసింది. గ్యాసు కట్టేశావా మామ్మా అని మనవలు అడిగితే, చేత్తో తాకి చూసేదాకా అవునని నా నోట రాదు. "ఇంకా చూళ్ళేదు" అంటాను. వాళ్ళు నవ్వుకుంటారు. మా పిన్ని కొడుకు యానాం నుంచి రోజూ పొద్దున్నే ఫోన్ చేస్తాడు. వాడికి ఈ కథ తెలియదు. వాడు అక్కా అని పిలిచినప్పుడల్లా నా ఒళ్ళో వెచ్చగా, కాళ్ళ కింద చల్లగా తగులుతుంది.