మా తోటికోడలి ఎర్రపట్టీలు

మొన్న హైదరాబాదు నుంచి వస్తుంటే, బస్సు కొత్తకోట దాటి వనపర్తి దారి పట్టేసరికి పొద్దు గూకింది. నేను డ్రైవరు వెనక సీటులో కూర్చున్నాను. ఇంకా పూర్తిగా చీకటి పడలేదు కానీ డ్రైవరు లైట్లు వేశాడు. ఆ వెలుగు ముందు పోతున్న పత్తి ట్రాలీ మీద పడగానే, దాని వెనక తలుపుకు అంటించిన రెండు ఎర్రపట్టీలు భగ్గున మెరిశాయి. డ్రైవరు వేగం తగ్గించి, నిమ్మళంగా పక్కకు తీసి దాటించాడు. బస్సులో ఎవరూ తలెత్తి కూడా చూడలేదు. నాకు మాత్రం చుర్రుమంది. ఆ పట్టీల మూలలు గుండ్రంగా కత్తిరించి ఉన్నాయి. మూల కోసుగా ఉంటే గడ్డిపోచ తగిలినా పట్టీ లేచివస్తుందని, ఓపిగ్గా కత్తెరతో గుండ్రం చేసి అంటించే మనిషిని మా వైపు ఒక్కర్తినే చూశాను. ఆమె మా తోటికోడలు రుక్మిణక్క. పోయి ఏళ్లవుతోంది. పోయాక కూడా నా ముందే నడుస్తూ, నా కళ్లలోనే మెరుస్తోంది చూడండి! దీన్ని ఏమనాలి?

మాది వనపర్తిలో రేడియం దుకాణం. వెలుగు పడితే మెరిసే పట్టీలనే మా దగ్గర రేడియం అంటారు. ఆ పట్టీలు, నంబరు ప్లేట్లు, ట్రాక్టర్ల మీద పిల్లల పేర్లు, దేవుళ్ల బొమ్మలు, ఇదీ మా వ్యాపారం. మా మామగారు పెట్టారు, ఇద్దరు కొడుకులకు అప్పజెప్పారు. పెద్దకొడుకు భార్య రుక్మిణక్క, చిన్నకొడుకు భార్యను నేను, పద్మను. నేను కాపురానికి వచ్చేసరికే బావగారు లేరు. పిల్లలు కూడా లేరు కాబట్టి ఆమె గద్వాలలో పుట్టింటికి వెళ్లిపోయి మళ్లీ మగ్గం ముందు కూర్చుంటుందని అందరూ అనుకున్నారట. ఆమె మాత్రం దుకాణంలో ఆయన కుర్చీ తుడుచుకుని అందులో కూర్చుంది. మా ఆయనకు బయటి పనులే సరిపోయేవి. ఇక మిగిలిన స్టూలు నాది. ఆ కుర్చీకి, నా స్టూలుకు మధ్య ఎత్తు తేడా జానెడే కానీ, నాకు అది ఆమడ దూరంగా కనబడేది.

ఆమె ఎప్పుడన్నా ఇంటికి అన్నానికి వెళ్తే దుకాణంలో నేనొక్కదాన్నే ఉండేదాన్ని. ట్రాక్టరు వాళ్లు వచ్చేవాళ్లు, లోపలికి తొంగిచూసేవాళ్లు. "అక్క లేదా?" అని అడిగేవాళ్లు. "నేనున్న కదా, చెప్పు అన్నా," అంటే, "ఏం లేదు తియ్, మల్ల వస్త," అని పోయేవాళ్లు. పోవడం కూడా ఎంత దూరం? ఎదురుగా చాయ్ హోటల్లో కూర్చుని ఆమె వచ్చేదాకా నన్నే చూస్తుండేవాళ్లు. ఇంట్లో మా అత్త సంగతి సరేసరి. నేను వండిన పప్పు తింటూ, "రుక్మిణి ఏసే పోపే వేరు," అనేది. నవ్వుతూ వడ్డించేదాన్ని. లోపల మాత్రం అట్టుడికినట్టు ఉడికిపోయేదాన్ని.

ఇంతా చేసి ఆమె దగ్గరున్న విద్య ఏమిటి? బండికి ముందు తెల్లపట్టీ, పక్కల పసుపు, వెనక ఎరుపు. చట్టం ఇదే చెప్తుంది. ఫిట్‌నెస్‌కు పోయినప్పుడు బ్రేకు ఇన్‌స్పెక్టరు చూసేదీ ఇదే. నాకూ తెలుసు, పక్క దుకాణాల వాళ్లకూ తెలుసు. కానీ మేమంతా బేరం చూసుకుని మెత్తబడేవాళ్లం. వెనక తెల్లది బాగుంటుందంటే తెల్లది, పక్కల ఎర్రది కావాలంటే ఎర్రది. ఆమె దగ్గర ఆ పప్పులు ఉడకవు. ఎవరన్నా అడిగితే రేడియం చుట్ట చంకలో పెట్టుకుని అనేది: "ఏందన్నా, మీ ఇంట్ల ఆడోళ్లు కొంగు తీస్కపోయి కుచ్చిళ్ల కాడ చెక్కుకుంటరా? చీరకు కొంగెట్లనో బండికి ఎరుపట్ల. ఎనకనే ఉండాలె." గద్వాల చీర నేసిన ఇంట్లో పుట్టింది కదా, అంచు, కొంగు తప్ప ఇంకో లెక్క తెలియదు. అడిగినవాడు నవ్వి, ఆమె చెప్పినట్టే వేయించుకుని, తన చుట్టాన్ని కూడా తీసుకొచ్చేవాడు. నేను అడిగినవాడికి అడిగింది వేసి కూడా ఈగలు తోలుకునేదాన్ని.

అంటించడం అయ్యాక ఇంకో తతంగం ఉండేది. బండి వెనక్కి దూరంగా నడిచి, చీర కుచ్చిళ్లు మోకాళ్ల మధ్య ఇరికించి, రోడ్డు పక్కన గొంతుకూర్చునేది. సెల్‌ఫోను లైటు కంటి పక్కన పెట్టుకుని బండివైపు చూసేది. అంత బజారులో, ఇంటి కోడలు, అట్లా! నాకు తల కొట్టేసినట్టయ్యేది. ఒకసారి ఉండబట్టలేక, "నిలబడి చూడొచ్చు కదక్కా," అన్నాను. "నిలవడితే నాకు కనవడతది చెల్లె. ఎనక సైకిల్ మీద వచ్చేటోనికి కనవడాలె కద. ఆని కండ్లు ఏడుంటయో ఆడ కూసోవాలె," అంది. గడ్డి మోపు కిందికి జారితే పట్టీలు మూసుకుపోతాయని, కింద ఇరుసు పక్కన ఇంకో జత అంటించేది. దాన్ని ఎవరూ అడిగింది లేదు, చెప్పింది లేదు.

ఊళ్లో ఒక కథ పుట్టింది. మా బావగారు లైట్లు లేని లారీకి గుద్దుకుని పోయారని, అందుకే ఈమెకు ఇంత పట్టుదలని. ఒకాయన పాపం కళ్లనీళ్లు పెట్టుకుని మరీ అడిగాడు. రుక్మిణక్క పట్టీ కోస్తూనే, "కాదన్నా, కామెర్లు. దవాఖానకు పోకుండ పసరు తాగి పాయె," అంది. అతను బిత్తరపోయాడు. "మనిషి చస్తెనే తెలివొస్తదా ఏంది? అంచు తప్పు నేస్తే మా నాయిన కండెతోని నెత్తి మీద ఒక్కటిచ్చెటోడు. గంతే," అంది. ఆ కథను అట్లాగే ఉండనిస్తే ఎంత సానుభూతి వచ్చేది! నేనైతే ఉండనిచ్చేదాన్ని.

ఇవన్నీ భరించాను. భరించలేనిది ఒకటే. నాకున్నది ఒక్కతే కూతురు, స్రవంతి. అది బడి నుంచి రాగానే సంచి నా స్టూలు మీద పడేసి, పెద్దమ్మ కుర్చీ పక్కన చేరేది. బడి ముచ్చట్లన్నీ అక్కడే. నేను విందామని దగ్గరికి వస్తే, "ఏం లేదమ్మా," అనేది. నవ మాసాలు మోసింది నేను, ముచ్చట్లు ఆమెకా? కుర్చీ పోతే పోయింది, గిరాకీ పోతే పోయింది, పిల్ల మాత్రం ఆమెది కాకూడదని దేవుడికి మొక్కుకున్న రోజులున్నాయి.

ఆ మధ్యే అమ్రాబాద్ దిక్కున ఉండే మా తమ్ముడు కొత్త ట్రాక్టరు కొన్నాడు. రేడియం వేయించడానికి మా అమ్మను ఎక్కించుకుని వనపర్తి వచ్చాడు. నేను ముందే గట్టిగా చెప్పాను, "అక్కా, ఇది మా తమ్ముని బండి. నేనే చేస్త," అని. "చెయ్యి చెల్లె, నాకేంది," అని ఆమె అన్నానికి వెళ్లింది. మా అమ్మకు ఒకటే కోరిక: కొత్త బండి ముఖం ఎర్రగా, కళగా ఉండాలి. సరేనని ఇంజన్ మూతి మీద అరచేయంత ఎర్రబొట్టు అంటించాను. బంపరుకు రెండు పక్కలా ఎర్రపట్టీలు వేశాను. వెనక తమ్ముడి కొడుకు పేరు తెల్లగా ఇంతింత అక్షరాలతో రాశాను. మా అమ్మ మెటికలు విరిచి దిష్టి తీసింది. జన్మలో మొదటిసారి గిరాకీవాళ్లు నా పనిని చూస్తూ నిలబడ్డారు.

రుక్మిణక్క వచ్చింది. బండికి ఎదురుగా నడిచి వెళ్లి, రోడ్డు పక్కన గొంతుకూర్చుని చూసింది. "పద్మా, గిది వచ్చే బండా, పోయే బండా?" అని అక్కడి నుంచే అరిచింది. లేచి వచ్చి తమ్ముడితో, "తమ్మీ, ముంగట ఎర్రది చూస్తే ఎదురొచ్చేటోడు నువ్వు ఆని ముందట పోతున్నవనుకుంటడు. నిమ్మళంగ మీదికొస్తడు," అని, గోటితో బొట్టు అంచు లేపి చర్రున లాగేసింది. మా అమ్మ గుండెలు బాదుకుంది. "అయ్యో, కొత్త బండి బొట్టు తీస్తివే! మొగడు లేనిదానివి, నీ చెయ్యే దొరికెనా?" అంది. దాచడం ఎందుకు, నాకు లోపల చల్లగా తగిలింది. ఇప్పుడేం చేస్తావో చేయి తల్లీ, అనుకున్నాను.

ఆమె లోపలికి వెళ్లింది. ఏడవడానికి వెళ్లిందనుకున్నాను. దేవుడి పటం దగ్గరున్న కుంకుమ భరిణె పట్టుకొచ్చి మా అమ్మ చేతిలో పెట్టింది. "చిన్నమ్మా, నువ్వే పెట్టు. మూతికి పెట్టు, టైర్లకు పెట్టు, ఎన్నన్న పెట్టు. కుంకుమ లైటు వడితే మెరవది. అది దేవునికి, మనకు. రేడియం ఎదురొచ్చేటోనికి," అంది. మా అమ్మ ముక్కు చీది, ఇంజన్ మూతికి ఇంత బొట్టు పెట్టింది. నాలుగు టైర్లకూ పెట్టింది. ఇంకా భరిణెలో మిగిలిన కుంకుమ చూసి, ఉన్నట్టుండి రుక్మిణక్కకు చాపింది. "ఒక్కటి నువ్వు గూడ పెట్టు బిడ్డా. నా నోరు మంచిది గాదు." రుక్మిణక్క చేయి గాలిలో ఆగిపోయింది. మా ఇంట్లో అన్నేళ్లలో ఆమె చేతికి కుంకుమ అందించిన ఆడది లేదు. మెల్లగా హెడ్‌లైటు పైన చిన్న చుక్క పెట్టింది. తమ్ముడు బంపరు మీది ఎర్రపట్టీలు పీకేశాడు. బండి వెనక స్రవంతి అప్పటికే నా తెల్ల అక్షరాలు గీకేసి, గుడ్డతో బంక తుడుస్తోంది. తమ్ముడు, తల్లి, కూతురు, ముగ్గురూ ఒక్క పూటలో ఆమె పక్షం చేరారు. ఆ రాత్రి నేను అన్నం ముట్టలేదు.

తర్వాతి ఎండాకాలం అసలు గొడవ వచ్చింది. స్రవంతి పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ చదువుతానంది. నేను టీచరమ్మను చేద్దామనుకున్నాను. అది నేరుగా కుర్చీ దగ్గరికి పోయి, "పెద్దమ్మా, నువ్వు చెప్పు అమ్మకు," అంది. అయిపోయింది, తీర్పు వచ్చేసింది అనుకున్నాను. రుక్మిణక్క తలెత్తలేదు. "నన్నడగకు. మీ అమ్మనడుగు," అంది. పిల్ల ముఖం మాడ్చుకుని వెళ్లిపోయింది.

అది అటు వెళ్లగానే నేను లేచాను. "ఎందుకట్లంటివి? నీ మాటే కద దానికి వేదం!" అన్నాను. ఆమె కత్తెర కింద పెట్టింది. "నేను చెప్తే నువ్వు కుళ్లుకుంటవ్. కుళ్లుకో, నాకేం పరేషాన్ లేదు. నాకు లేదా కుళ్లు? పోరి గడప కాడికెళ్లి అమ్మా అని పిలుస్తది కద రోజు. పిల్చినప్పుడల్ల నువ్వు తిరిగి చూస్తవ్. నేను పట్టీ కోస్తున్నట్టు చేస్త. ఎన్ని పట్టీలు వంకర కోసిన్నో నీకేం ఎరుక?" అంది.

మంచిదాన్నయితే ఆ మాటకు కరిగిపోయి ఏడ్చేదాన్ని. నేను ఏడవలేదు. నాకు ఒళ్లంతా చల్లని నీళ్లు పోసినట్టయింది. రుక్మిణక్క నన్ను చూసి కుళ్లుకుంటోంది! నన్ను, ఈ స్టూలు మీది దాన్ని! ఆ సాయంత్రమే స్రవంతిని పిలిచి, ఆటోమొబైల్‌లో చేరమన్నాను. ఆ మాట చెప్పాల్సింది నేనేనని ఆమె నోటితో ఒప్పుకున్నాక, చెప్పడానికి నాకేం అడ్డం? నా ముఖం చూసి మా అత్త, "ఏందే, లంకెబిందెలు దొరికినయా?" అని అడిగింది.

రుక్మిణక్క ఆ కుర్చీలోనే పోయింది, గుండెపోటుతో, చేతిలో పట్టీ ఉండగానే. శవం లేచే వేళకు మా సందు బయట ట్రాక్టర్లు బారులు తీరాయి. పట్టపగలు, అందరూ లైట్లు వేసుకుని నిలబడ్డారు. ఏడుస్తూనే, నేను పోతే ఎన్ని వస్తాయా అని ఆలోచించాను. స్టూలు అటక మీదికి పోయింది. ఇప్పుడు కుర్చీలో నేనే కూర్చుంటున్నాను. కొత్తగా వచ్చే గిరాకీవాళ్లు నన్నే అక్కా అంటారు. మొదటిసారి ఆ పిలుపు వినబడ్డప్పుడు వెనక్కి తిరిగి చూశాను. ముందర ఎర్రది కావాలని ఎవరన్నా అడిగితే కుంకుమ భరిణె చూపిస్తున్నాను.

మొన్న బస్సు దిగేసరికి స్రవంతి స్కూటీతో బస్టాండులో నిలబడి ఉంది. అది ఇప్పుడు నాగర్‌కర్నూల్‌లో ట్రాక్టర్ల షోరూంలో పనిచేస్తోంది, రోజూ పోయి వస్తుంది. ఆ దారిలో లారీలెన్నో, గడ్డి బండ్లెన్నో. సంచి దాని చేతికిచ్చి, నేను స్కూటీ వెనక్కి నడిచాను. కుచ్చిళ్లు మోకాళ్ల మధ్య ఇరికించి, అంత జనంలో గొంతుకూర్చున్నాను. "బ్రేకు పట్టు," అన్నాను.

అద్దంలో నన్ను చూసి అది నవ్వింది. "అమ్మా, అచ్చం పెద్దమ్మ లెక్కనే కూసున్నవ్."

మళ్లీ చుర్రుమంది. "మీ పెద్దమ్మే నా లెక్క కూసునేది. బ్రేకు పట్టవే ముందు!" అని కసిరాను.

పట్టింది. నా కళ్ల ఎదుట ఎర్రగా వెలిగింది. లేచి చీర దులుపుకుని, నా బిడ్డ వెనక ఎక్కి కూర్చున్నాను. కొంగు జారి దీపానికి అడ్డం పడకుండా చుట్టి ఒళ్లో పెట్టుకున్నాను. అదీ ఆమె చెప్పిందే.