ఊ కొట్టడం మానుకున్నాక

జడ్జి శిక్షణలో భాగంగా నల్లగొండ కోర్టులో పెద్ద జడ్జిగారి పక్కన కూర్చునేదాన్ని. గొర్రెల తగాదాలో ఒక ముసలమ్మ సాక్ష్యం చెబుతుంటే ఊ కొడుతూ విన్నాను. పోచంపల్లిలో అవ్వ కథలు అలాగే వింటూ పెరిగాను మరి.

విరామంలో ఆయన మందలించారు. "ఊ కొడితే ఒప్పుకున్నట్టేనమ్మా. అవతలి పక్షం ఏమనుకోవాలె?"

ఒళ్లు మండింది. అయినా మానుకున్నాను.

సెలవుల్లో ఇంటికెళ్లాను. మగ్గాల చప్పుడు వానలా కురుస్తున్న మధ్యాహ్నం, ఆసు చట్రం మేకుల చుట్టూ పట్టుపోగులు చుడుతూ అవ్వ కథ మొదలుపెట్టింది. ఆ పోగుల మెరుపు చూస్తూ, కోర్టులో అయిన అలవాటుకొద్దీ పెదవి కదపకుండా విన్నాను. ఆమె చేయి ఆగింది.

"పండుకున్నవా బిడ్డా?"

"లేదవ్వా, ఇంటున్న."

"గోడ లెక్క ఇంటే చెప్పెటోళ్లకు మాటెట్ల వస్తదే?"