గుర్రబ్బండి ఫొటో

ఎనభైల్లో కర్నూలు నుంచి విశాఖ వెళ్లినప్పుడు, వన్ టౌన్‌లో మ్యూజియంగా మార్చిన ఒక జమీందారీ మేడ చూశాను. అక్కడ ఊడ్చే ముసలామె నన్ను గుర్రబ్బండి ఫొటో దగ్గరికి పిలిచింది.

“కింద ఏటి రాసున్నాదో సదవండి బాబూ. పగ్గాలు పట్టుకున్నది మా ఇంటాయన. ఆయన పేరున్నాదా?”

“ఏం పేరమ్మా?”

“పోయినా మొగుడి పేరు నోటితో సెప్పకూడదు కదా. సింహాచలం దేముడి పేరే.”

అప్పన్న. ఇంగ్లీషు చీటీలో జమీందారు పేరుంది, పిల్లల పేర్లున్నాయి, గుర్రం పేరు కూడా ఉంది. అప్పన్న లేడు. అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు.

“లేదమ్మా. గుర్రం పేరుంది, మల్లి అని.”



“ఆ పేరెట్టింది ఆయనే బాబూ,” అందామె, కొంగుతో ఫొటో అద్దం తుడుస్తూ.